ఏకనాదం – ఘననాదం

స్టీరియో అన్న మాటలో రెండు అనే అర్థం ఎక్కడా లేదు. గ్రీకు భాషలో ‘స్టెరెయోస్’ అంటే ఘనమైనది, పొడవు వెడల్పులతో పాటు లోతు కూడా కలది. ‘మోనోస్’ అంటే ఒకటి, ఒంటరి. కాబట్టి మోనో, స్టీరియో అనేవి ఒకటి, రెండు అన్నట్టి సంఖ్యల జంట కాదు. మొదటిది సంఖ్యను చెబుతుంది, రెండవది గుణాన్ని చెబుతుంది. రెండు పెట్టెల్లోంచి శబ్దం వస్తే చాలు, అది స్టీరియో అనుకొనే భ్రమ ఈ తేడాను గమనించకపోవడం వల్లనే పుట్టింది. నా మట్టుకు నేను వీటిని ఏకనాదం, ఘననాదం అని పిలుచుకొంటున్నాను. ఇంతకంటె మంచి మాటలు మిత్రులకు తోస్తే వ్యాఖ్యల్లో చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను. ఘనపాఠీలు మాత్రం నన్ను మన్నించాలి. వారి ఘన వేరు, నా ఘనం వేరు.

పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకొని విశ్రాంతి తీసుకొంటున్న తెలుగు పండితుడికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. కారణాలు రెండు. హిందూపురంలో మా మేడమీది గదిలో మనవడు గిటారు వాయిస్తూ, దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తూ ఉంటాడు. వాడి సందేహాలు వినీ వినీ నాకూ కొంత ఒంటబట్టింది. రెండవ కారణం ధర్మవరంలోని ఒక చేనేత మిత్రుడి ఇంట జరిగిన సంగతి. ఆయన తండ్రి పద్యనాటకాల్లో హరిశ్చంద్ర వేషం కట్టినవారు. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్టులో. ఆ గొంతు నలుగురి ముందూ మైకులో ఎలా మాయమైందో చెప్పాలంటే ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి.

చరిత్ర కంటె ముందు చెవులు. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చొని ఒకసారి కళ్ళు మూసుకోండి. నేతగాడు తాడు గుంజినప్పుడల్లా నాడె ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పరుగెత్తి అటు పెట్టెకూ ఇటు పెట్టెకూ కొట్టుకొంటుంది. ఏ దెబ్బ ఎటువైపు పడిందో కళ్ళు తెరవకుండానే వేలుపెట్టి చూపగలరు. ఎలాగ? ఎడమవైపు పుట్టిన శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది. తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరేసరికి, బాగా పక్కనుంచి వచ్చిన శబ్దమయితే, సెకనులో సుమారు 1500వ వంతు ఆలస్యమవుతుంది. అంతేకాక సన్నని, కీచుమనే శబ్దాలకు తల అడ్డుగోడ అవుతుంది కనుక ఆ చెవిలో అవి కొంచెం మందగిస్తాయి. బొంగురు శబ్దాలకు కాలభేదం, కీచు శబ్దాలకు బలభేదం ఆధారమని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 1907లో వివరించాడు. కనురెప్పపాటులో వందోవంతు కూడా లేని ఆ తేడాను మెదడు పట్టుకొని దిక్కు చెబుతుంది. ఘననాదమంటే ఈ తేడాయే. తేడా లేని చోట చెవులు రెండయినా నాదం ఒకటే.

దిక్కుల సంగతి మన శిల్పులకు తెలియనిది కాదు. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారం నెరపిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం అక్కడిది. దాని నాట్యమంటపంలో నిలబడి చూడండి. ఒక స్తంభం మీద రంభ నర్తిస్తూ ఉంటుంది, ఒకచోట మూడుకాళ్ళ భృంగి, ఒకచోట వీణతో తుంబురుడు, మరొకచోట మద్దెలతో బ్రహ్మ. వాద్యగాళ్ళందరినీ ఒకే స్తంభం మీద కుప్పపోయలేదు శిల్పి. నడుమ నిలబడినవాడి చుట్టూ పంచాడు. ఆ రాతి వాద్యాలు నిజంగా మోగితే వీణ ఒకవైపు నుంచి, మద్దెల మరొకవైపు నుంచి వినవస్తాయి. కచేరీలోనూ అంతే. గాయకుడికి కుడివైపు మృదంగం, ఎడమవైపు వయొలిన్ కూర్చోవడం సంప్రదాయం. ఎదుట కూర్చున్న మనకు మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన, పాట నడుమ. ఇవాళ గిటారు కుర్రవాళ్ళు ‘ప్యానింగ్’ అంటున్నది ఈ కూర్చోబెట్టడాన్నే. వాళ్ళు మీట తిప్పి కూర్చోబెడతారు, మనవాళ్ళు జంపఖానా మీద కూర్చోబెట్టారు.

యంత్రంతో రెండు చెవులకూ వేరువేరుగా నాదాన్ని అందించిన మొదటి ఘట్టం 1881లో పారిస్‌లో జరిగింది. విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అనే ఇంజనీరు ఒపేరా నాటకశాల రంగస్థలం అంచున టెలిఫోను మైకులు వరుసగా అమర్చి, తీగలు లాగి, దూరాన ఉన్న ప్రదర్శనశాలలో ఒక్కొక్క శ్రోతకు రెండేసి వినికిడి గొట్టాలు ఇచ్చాడు, ఎడమచెవికి ఎడమవైపు మైకుది, కుడిచెవికి కుడివైపు మైకుది. పాడుతున్నవాడు వేదిక మీద అటునుంచి ఇటు నడిస్తే విన్నవారికి ఆ నడక తెలిసిందట. విక్టర్ హ్యూగో కూడా వెళ్ళి విన్నాడు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారికి ఆ ఏటికి 28 ఏళ్ళు. తెలుగు నాటకంలో పాటలను ప్రవేశపెట్టిన ఆయన, నాటకం పాటను తీగలమీద వినడం ఎక్కడో మొదలయిందని విన్నారో లేదో!

తీగ మీద సాగింది గానీ, దాచుకొనే విద్యలో ఇది చాలాకాలం కుదరలేదు. ఎడిసన్ 1877లో చేసిన ఫోనోగ్రాఫుకు గొట్టం ఒకటే, సూది ఒకటే, గాడి ఒకటే. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముందు గౌహర్ జాన్ పాడినది కూడా ఆ ఒక్క గొట్టంలోకే. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకులు వచ్చేవరకు గొంతు పెంచడానికి, తగ్గించడానికి మీట కూడా లేదు. దూరమే మీట. పెద్ద గొంతువాడు వెనక్కు జరగాలి, చిన్న వాద్యం ముందుకు రావాలి.

ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పదలచుకొన్నాను. మోనో అంటే చదునైన నాదమనీ, బీదనాదమనీ ఒక చులకన ఈమధ్య కుర్రకారులో ఉంది. అది అన్యాయం. మోనోలో కుడిఎడమలు లేవు గాని ముందువెనుకలు ఉన్నాయి. ఒక్క మైకు చుట్టూ గాయకుణ్ణి దగ్గరగా, వీణను రెండడుగుల అవతల, డోలును గది చివర నిలబెట్టి తీసిన పాత రికార్డులు వినండి. ఎవరు దగ్గర, ఎవరు దూరమో స్పష్టంగా తెలుస్తుంది. డి.వి. సుబ్బారావుగారి హరిశ్చంద్ర కాటిసీను రికార్డును రాయలసీమలో వినని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. అందులో ఏ లోటూ ఎవరికీ తోచలేదు. ఉన్న ఒక్క దారిలో ఎంత లోతు ఇమడ్చవచ్చో అంతా ఇమిడ్చారు ఆనాటివారు.

ఇప్పుడు 1931. మన సినిమా చరిత్రలో ఆ ఏడాది అక్టోబరు 31న ‘కాళిదాస్’ విడుదలైంది, అందులో తెలుగు మాటలు వినిపించాయి. 1932 ఫిబ్రవరి 6న హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ పూర్తి తెలుగు టాకీగా వచ్చింది. సరిగ్గా ఈ రెండు తేదీల నడుమ, 1931 డిసెంబరు 14న, లండనులో అలన్ బ్లుమ్‌లైన్ అనే 28 ఏళ్ళ ఇంజనీరు ఒక పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అతడు భార్యతో సినిమాకు వెళ్ళినప్పుడు, తెర మీద నటుడు ఒక అంచున ఉంటే మాట మరొకచోటి నుంచి వస్తోందని విసుక్కొన్నాడని, ఈ ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు. మనవాళ్ళు బొమ్మ మాట్లాడడమే అబ్బురమని చూస్తున్న రోజుల్లో, అతడు మాట బొమ్మ ఉన్నచోటి నుంచే రావాలని పట్టుబట్టాడు. మైకులు రెండింటిని ఎలా అమర్చాలి, ఒకే గాడిలో రెండు దారులను ఎలా చెక్కాలి అన్నవన్నీ ఆ ఒక్క పత్రంలో ఉన్నాయి. 1935లో హేయ్స్ స్టేషనులో వచ్చిపోయే రైళ్ళను స్టీరియో శబ్దంతో చిత్రించారు అతని బృందంవారు. ధర్మవరం జంక్షనులో ప్లాట్‌ఫారం మీద నిలబడినవారికి ఆ ప్రయోగం సారాంశం వివరించనక్కరలేదు. గుంతకల్లు వైపు నుంచి వచ్చిన బండి పెనుకొండ, హిందూపురాల వైపు సాగిపోతుంటే చెవులే చెబుతాయి. బ్లుమ్‌లైన్ 1942లో యుద్ధవిమానంలో రాడారు పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి 39 నిండలేదు. స్టీరియో రికార్డులు అంగళ్ళలోకి రావడం అతడు చూడలేదు.

అవి 1957, 58లలో వచ్చాయి. వాటి గాడి నిర్మాణం నాకు ఎంతో నచ్చిన విషయం. గాడికి రెండు గోడలుంటాయి కదా, ఒక్కొక్కటి 45 డిగ్రీల వాలులో. ఒక గోడ ఎడమ నాదాన్ని, ఒక గోడ కుడి నాదాన్ని మోస్తుంది. సూది పక్కలకు కదిలే కదలికలో రెండింటి మొత్తం ఉంటుంది, పైకీ కిందికీ కదిలే కదలికలో రెండింటి తేడా ఉంటుంది. పక్కకదలికను మాత్రమే చదివే పాత మోనో పెట్టెకు ఆ మొత్తం అందుతుంది. అంటే కొత్త రికార్డులోని ఏ వాద్యమూ పాత పెట్టెవాడికి దక్కకుండా పోదు. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన క్యాసెట్టులోనూ ఇదే మర్యాద పాటించారు. ఎడమకుడి దారులను టేపు మీద పక్కపక్కనే ఉంచారు కనుక మోనో టేప్‌రికార్డరు తల రెండింటినీ కలిపి చదువుతుంది. రెండు చెవులవాడికి విందు పెడుతూ, ఒక చెవివాడి విస్తరి మరవకపోవడం ఆ ఇంజనీర్ల సంస్కారం. ఈ సంస్కారం తప్పితే ఏమవుతుందో మా మిత్రుడి ఇంట చూశాము.

తెలుగు తెరకు స్టీరియో ఘనంగా వచ్చింది 1986లో కృష్ణగారి ‘సింహాసనం’తో. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం, ఆరు దారుల శబ్దం. అయితే ఆరింటినీ వినిపించగల హాళ్ళు కొన్నే. ఆ రోజుల్లో మన ఊళ్ళలో స్టీరియో అంటే క్యాసెట్ల అంగడి, లేదా రెండు స్పీకర్ల టేప్‌రికార్డరు. ఆ టేప్‌రికార్డర్లలో చాలావాటికి లోపల అమర్చిన మైకు ఒక్కటే ఉండేది. ముందువైపు పెద్ద అక్షరాలతో స్టీరియో అని ఉన్నా, జాతరలో నాటకం పట్టుకొచ్చినప్పుడు అది పట్టినది మోనోయే.

మా మిత్రుడి తండ్రిగారి పద్యాలు అలా పట్టినవే. వేదిక అంచున, హార్మోనియంకు కొంచెం ఇవతల, ఎవరో పుణ్యాత్ములు ఒక టేప్‌రికార్డరు ఉంచారు. ఆయన పోయిన తరువాత మిత్రుడు ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించమని ఒక స్టూడియోకు ఇచ్చాడు. పేరు అనవసరం. వారు దాన్ని ‘స్టీరియోగా మార్చి’ పెన్‌డ్రైవులో ఇచ్చారు. క్యాసెట్టు తిరిగి వచ్చేసరికి టేపు నలిగి నడుమ తెగి ఉంది. అయినా ఇంట్లో చెవిగొట్టాలు పెట్టుకొని వింటే గొంతు గదినిండా పరచుకొన్నట్లు ఉందని మిత్రుడు మురిసిపోయాడు. సంవత్సరీకం నాడు ఊళ్ళో మైకుసెట్టు పెట్టించి, బంధువులను, ఆయనతో ఆడిన ముసలి నటులను పిలిపించి, పద్యం పెట్టాడు.

గుప్పమైకులోంచి గొంతు రాలేదు. ఏదో బుసబుస, అందులో అక్కడక్కడ ‘స’ అనీ ‘శ’ అనీ కొసలు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అచ్చులు పోయాయి, పరుషాలు సరళాలు పోయాయి, ఊష్మాలు మాత్రం మిగిలాయి. మైకుసెట్టు అబ్బాయి తీగలన్నీ తడిమాడు. తీగల్లో దోషం లేదు. ఆ ముసలి నటుల్లో ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని అలాగే చాలాసేపు కూర్చొని, “అయ్యవారూ, నాకే వినపడ్డం లేదా?” అని నన్ను అడిగారు.

ఆ రాత్రి పెన్‌డ్రైవు హిందూపురం తెచ్చి మనవడి ముందు పెట్టాను. వాడు ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో దాన్ని తెరిచాడు. ఎడమ దారి ఒక గీతగా, కుడి దారి ఒక గీతగా కనిపించాయి. దగ్గరగా పెంచి చూస్తే ఎడమ గీత పైకి లేచినచోట కుడి గీత కిందికి దిగుతోంది, ఇది దిగినచోట అది లేస్తోంది, నీటిలో కొండ నీడలాగ. స్టూడియోవారు చేసినది ఇంతే. ఉన్న ఒక్క నాదాన్నే రెండు దారుల్లోనూ పెట్టి, కుడిదాన్ని తలకిందులు చేసి, కాస్త కీచుదనం కలిపారు. శబ్దమంటే గాలిని నెట్టడం, లాగడం. ఎడమది నెట్టేవేళ కుడిది లాగుతుంది. చెవిగొట్టాల్లో ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి మరొకటి విడివిడిగా అందుతాయి కనుక మెదడు తికమకపడి, నాదం తల బయట ఎక్కడో వ్యాపించినట్లు భ్రమిస్తుంది. అదే రెండు దారులూ మైకుసెట్టులో ఒక్కటిగా కలిసినప్పుడు 5కు 5 తీసివేసినట్లు సున్న మిగులుతుంది. కలిపిన కీచుదనం ఒకవైపే ఉంది కనుక అది మాత్రం చావలేదు. అందుకే శషసలు బ్రతికాయి.

మరి గొంతు? క్యాసెట్టు తెగింది, ఉన్న నకలు ఇది. మనవడు కొంచెంసేపు రెండు గీతలనూ మార్చిమార్చి విని, “తాతా, ఎడమదాని జోలికి వాళ్ళు పోలేదు” అన్నాడు. స్టీరియో దారులను విడగొట్టి, కుడిదాన్ని తీసివేసి, ఎడమదాన్ని మోనోగా ఉంచాడు. మళ్ళీ మీట నొక్కితే హార్మోనియం, దాని వెనుక జాతర రొద, అన్నిటికీ ముందు ఆ గొంతు. మిత్రుడికి ఫోనులోనే వినిపించాము. అవతల చాలాసేపు మాట లేదు.

ఈ సంగతి తరువాత మనవడి గిటారు పద్ధతి కూడా మారింది. వాడికి ఉన్నది ఒక్క మైకు. దాన్ని గిటారు నడుమ రంధ్రానికి ఎదురుగా పెడితే గుమగుమమని మోత ఎక్కువవుతుంది. జానెడున్నర దూరంలో, పన్నెండో మెట్టు వైపు చూస్తున్నట్లు ఉంచితే తీగ, చెక్క రెండూ సమపాళ్ళలో వస్తాయి. (ఫ్రెట్టును మెట్టు అనడంలో నాకు ఏ సంకోచమూ లేదు, వీణకున్నవి అవే కదా.) ఒక మైకుతో పట్టినది ఏకనాదమే. విద్యుత్ గిటారయితే దాని తీగను నేరుగా పెట్టెలోకి పెట్టినా అంతే, ఒక తీగ, ఒక దారి. దాన్ని పెద్దది చేయాలని వాడు మొదట్లో అదే ముక్కను నకలు తీసి ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి జరిపేవాడు. “రెండు పక్కలా పెట్టినా నడుమనే వినిపిస్తుందేమి తాతా?” అని వాడి ఫిర్యాదు. రెండు అంచులూ ఒకే రంగుదయితే గంగా జమునా చీర ఎలా అవుతుందిరా అన్నాను. ధర్మవరంలో బంధువులున్న పిల్లవాడు కనుక వెంటనే గ్రహించాడు. రెండు చెవులకూ తేడా లేని నాదం అందితే మెదడు దాన్ని ముక్కుకు సూటిగా నిలబెడుతుంది, కొంచెం బిగ్గరగా, అంతే.

తేడా కావాలంటే నిజాయితీగల దారులు రెండున్నాయి. మొదటిది, అదే వరసను రెండవసారి మళ్ళీ వాయించి, మొదటిదాన్ని ఎడమన, రెండవదాన్ని కుడిన ఉంచడం. ఎంత జాగ్రత్తగా వాయించినా రెండవసారి వేలు వెంట్రుకవాసి ముందో వెనుకో పడుతుంది. ఆ మానవ సహజమైన తేడాయే వెడల్పును ఇస్తుంది. ఈ విద్యకు ఆద్యుల్లో ఒకడు అమెరికా గిటారిస్టు లెస్ పాల్. అతడు హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీలోనే యంత్రాలు అమర్చుకొని, వాయించినదాని మీదనే మళ్ళీ వాయిస్తూ, 1948లో ఎనిమిది గిటారు వరసల పాట ఒకటి విడుదల చేశాడు. ఇంట్లో గిటారు రికార్డు చేసుకొనే కుర్రవాళ్ళందరికీ అతడు కులగురువు. రెండవది, మైకులు రెండు వాడడం. వాటి తలలు ఒకచోట చేర్చి, ఒకటి అటూ ఒకటి ఇటూ చూసేట్లు పెడితే కాలభేదం రాదు, బలభేదం మాత్రమే వస్తుంది. కనుక తరువాత రెండింటినీ కలిపినా నాదం చెడదు. దూరదూరంగా పెడితే విశాలంగా ఉంటుంది గాని, కలిపినప్పుడు కొన్ని స్వరాలు తినేసే ప్రమాదముంది. ఫ్రెంచి రేడియోవారి పద్ధతిలో రెండు మైకుల నడుమ 17 సెంటీమీటర్లు, ఇంచుమించు మన చెవుల ఎడం. మా ఇంట రెండవ మైకు కొనే ప్రస్తావన నడుస్తోంది. పింఛనుదారు మౌనం వహించాడు.

పక్కలకు జరపడమంటే పూర్తిగా అంచుకు నెట్టడమే కాదు. 1963నాటి బీటిల్స్ తొలి రికార్డు స్టీరియోలో వింటే గొంతులు ఒకవైపు, వాద్యాలు మరొకవైపు చీలిపోయి ఉంటాయి. వారికి అప్పుడున్నది రెండు దారుల యంత్రం. చివరకు మోనోగా కలపడానికి వీలుగా అలా పట్టారేగాని వేడుకకు కాదు. దాన్నే ఆదర్శంగా తీసుకొని గొంతును ఒక చెవికి అంటగట్టే కుర్రవాళ్ళను చూశాను. చెవిగొట్టాల్లో అది ఒకవైపు దోమ ముసిరినట్లు ఉంటుంది.

గొంతు పైకి తీసిన తరువాత మిత్రుడే కోరాడు, నాన్న పద్యం వెనుక పిల్లవాడి గిటారు మెల్లగా వినిపిస్తే బాగుంటుందని. నాకు మొదట మనసొప్పలేదు. చివరకు కొన్ని షరతులతో ఒప్పుకొన్నాను. గొంతును ముట్టకూడదు, అది మోనోగా నట్టనడుమ ఉండాలి. పాత టేపు వేగం అటూఇటూ అయి శ్రుతి తప్పి ఉంటే గిటారు తీగలే దానికి దిగిరావాలి గాని గొంతును సాగదీయకూడదు. హార్మోనియం మెరుగైనచోట గిటారు తప్పుకోవాలి. వాడు ఆధారస్వరాల వరసను రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, పూర్తి అంచులకు కాకుండా మూడువంతుల దాకా జరిపాడు. నడుమ గొంతు కూర్చోవడానికి చోటు ఏర్పడింది. ఇంకొక సౌలభ్యం కూడా దొరికింది. సాధారణంగా ఈ ప్రోగ్రాముల లెక్క ప్రకారం రెండు దారులనూ కలిపి మోనో చేసినప్పుడు నడుమ ఉన్నది ముందుకు వస్తుంది, పక్కలనున్నవి కొద్దిగా వెనక్కు తగ్గుతాయి. గుప్పమైకులో పెట్టినా గొంతే గెలుస్తుంది. ఇంతకంటె మాకు కావలసింది లేదు.

మైకుసెట్టును నిందించేవారికి ఒకమాట. పెనుకొండ కొండ కింద ఉరుసులోనో, ఊరి జాతరలోనో నాలుగు వీధులకు నాలుగు గుప్పలు కట్టినప్పుడు మోనోయే ధర్మం. ఎడమ గుప్ప కింద నిలబడినవాడికి సగం పాట, కుడి గుప్ప కిందివాడికి సగం పాట పంచడం పంక్తిభేదం అవుతుంది. రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చున్న ఒక్కడికే ఘననాదం పూర్తిగా దక్కుతుంది. కారులో కూడా ఆ ఒక్క చోటు ఎవరికీ లేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటిలోనే కాదు, మన రోడ్ల మీద తిరిగే ఏ కారులోనైనా నడిపేవాడు సాధారణంగా కుడి తలుపుకు ఆనుకొని కూర్చుంటాడు. కుడి స్పీకరు నాదం అతడికి ముందు చేరి పాటంతా అటు ఒరిగిపోతుంది. అందుకే కొన్ని కార్లలో ఆ వైపు నాదాన్ని రవ్వంత ఆలస్యం చేసే ఏర్పాటు ఉంటుంది. చేతిఫోను చిన్న స్పీకరయితే చాలామటుకు మోనోతో సమానం. మనవడు ఇప్పుడు ఏది కలిపినా మొదట చెవిగొట్టాల్లో, తరువాత మోనో మీట నొక్కి, చివర వాళ్ళమ్మ ఫోనులో వింటాడు. మూడింటిలోనూ గొంతు నిలిస్తేనే నాకు వినిపిస్తాడు.

మిత్రుడికి రెండు ఫైళ్ళు ఇచ్చాము. గిటారు కలిపినది ఒకటి, ఏమీ కలపని మోనో ఒకటి. మోనోకు ‘మూలం’ అని పేరు పెట్టాను. అయితే అది నిజమైన మూలం కాదు. స్టూడియోవారు ఇచ్చింది ఎంపీత్రీ, దానిలో కొంత నాదం కుదింపుకు పోయింది. తెగిన క్యాసెట్టు మా బల్ల సొరుగులో కాగితం కవరులో ఉంది. టేపు కొసలు రెండూ ఏటవాలుగా కోసి, మెరిసే వెనుక వైపున అతుకుపట్టీ వేసి, నలిగినచోట వేలితో రాయకుండా, ఒక్కసారి ఆడించగలిగితే చాలు. తల వాలును గొంతుకు తగినట్లు ముందే స్క్రూతో సరిచూసుకోవాలి, లేకపోతే కీచుదనం మందగిస్తుంది. ముందుగా వేరే పాత క్యాసెట్ల మీద చెయ్యి తిప్పుకొంటున్నాడు మనవడు. ఇప్పటికి మూడు అతికాయి, రెండు పాడయ్యాయి. ఇంకొన్ని అతికిన తరువాతే ఆ కవరు విప్పుతాము.